చోడి అంబలిలో మాత్ర

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక సునీత మా ఇంటికి వచ్చింది. వీధి గుమ్మంలోంచి కాదు, పెరటి వైపు నుంచి. మా చర్చి సంఘంలో పుట్టి పెరిగిన పిల్ల, నర్సీపట్నం బజారులో జెరాక్స్ షాపు నడుపుకుంటోంది. ఎప్పుడొచ్చినా వీధి మొదట్నుంచే "టీచరుగారండీ" అని కేకేస్తూ వచ్చే మనిషి, ఆ రోజు చెప్పులు పెరట్లోనే విడిచి, చప్పుడు చేయకుండా వచ్చి వంటింటి గడప మీద కూర్చుంది. వాళ్ళమ్మని విశాఖపట్నంలో మానసిక వైద్యం వార్డులో చేర్చుకుంటామన్నారట. తోడుగా ఇంటి ఆడమనిషి ఒకరు ఉండాలన్నారట. "మీ అమ్మగారితో మీరున్నారంట కదండీ అప్పట్లో. ఏటేటి పట్టుకెళ్ళాలో సెప్పండి" అంది.

ముప్పై ఏళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పినదాన్ని కాబట్టి కాగితం, పెన్ను తీసుకుని కూర్చున్నాను. నూలు చీరలు నాలుగు. పిన్నీసులు వద్దు, మట్టిగాజులు వద్దు. కొబ్బరినూనె గాజు సీసాలో కాదు, ప్లాస్టిక్ డబ్బాలో. స్టీలు గ్లాసులు రెండు, మీ అమ్మకొకటి, నీకొకటి. చాప, దుప్పటి. ఉప్పు బిస్కట్లు, మందులు పడ్డాక నోరు చప్పబడుతుంది. ఆగకుండా రాసేశాను. సునీత ఆ కాగితం మడిచి జాకెట్లో దోపుకుని, వచ్చిన దారినే వెళ్ళిపోయింది. ఆమె వెళ్ళాక స్టవ్వు మీద పాలు పొంగిపోతుంటే చూస్తూ కూర్చున్నాను, కట్టేయడానికి లేవలేదు. నలభై ఏళ్ళు దాటిపోయింది. ఒక్క వస్తువు కోసం కూడా ఆలోచించాల్సిన అవసరం రాలేదు నాకు.

నన్ను అందరూ భయస్తురాలంటారు. మా ఇంట్లో పిల్లలు పది నిమిషాలు ఆలస్యమైతే నేను వీధిలో ఉంటాను, ఎవరైనా రెండుసార్లు గట్టిగా నవ్వితే మొహం వంక చూస్తాను. పుట్టుకతో వచ్చిన గుణం కాదు అది. నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు పట్టుకుంది.

అప్పట్లో మా ఇల్లు మిషన్ కాంపౌండు వెనక సందులో ఉండేది. రెండు గదులు, పెంకుల కప్పు. నాన్నది తాపీ పని. అమ్మ, రూతమ్మ, జీడిపిక్కల బట్టీలో పిక్కలు కొట్టేది. కాల్చిన పిక్కల్లోంచి కారే జీడి చేతికంటితే చర్మం మాడి పొరలు పొరలుగా ఊడుతుంది, అందుకని పొద్దున్నే చేతులకి బూడిద పులుముకుని పనిలో కూర్చునేవారు, సాయంత్రం ఇంటికొచ్చి ఆముదం రాసుకునేవారు. అమ్మ వాసన అంటే నాకు ఆ పొగ, ఆ ఆముదం. నా పుస్తకాలకీ అదే వాసన, తలగడకీ అదే వాసన. బళ్ళో పక్కన కూర్చున్న పిల్ల ముక్కు మూసుకుంటే సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. సాయంత్రం దీపం పెట్టాక కుటుంబ ప్రార్థన. అమ్మ కళ్ళు మూసుకుని ఊళ్ళో కష్టాలన్నీ పేరు పేరునా దేవుడికి అప్పజెబుతుంటే నాన్న గోడకి జారబడి కునికేవాడు, అమ్మ కళ్ళు తెరవకుండానే కాలి బొటనవేలితో ఆయన్ని పొడిచేది.

మా సంఘంలో ప్రతి ఇంట్లో పిడికెడు బియ్యం కుండ ఉండేది. వంటకి బియ్యం కొలుచుకున్నాక అందులోంచి ఒక పిడికెడు తీసి ఆ కుండలో వేయాలి. నెలాఖరుకి స్త్రీల సమాజం వాళ్ళు ఇల్లిల్లూ తిరిగి పోగుచేసి, గడవని వాళ్ళకి ఇచ్చేవారు. ఆ సమాజానికి అమ్మే పెద్ద. "మీ యమ్మ పిడికిలి ఉంది సూసినావూ, మనకి వొండినప్పుడు సిన్నదైపోద్ది, దేవుడి కుండ కాడికెల్తే పెద్దదైపోద్ది" అని నాన్న ఎగతాళి చేసేవాడు. అమ్మ నవ్వేది. ఆ నవ్వు నాకు బాగా గుర్తు, ఎందుకంటే ఆ తర్వాత ఆమె నవ్వుని నేను మామూలుగా వినలేదు.

ఆ యేడు వానలకి ముందు పిడికెడు రెండు పిడికిళ్ళయింది, తర్వాత దోసెడయింది. అమ్మ నిద్ర తగ్గిపోయింది. తెల్లారకముందే నాలుగిళ్ళ వాకిళ్ళు ఊడ్చేసేది, కీర్తనలు పాడుతూ వీధులన్నీ తిరిగేది, బస్టాండులో ముక్కూ మొహం తెలియని వాళ్ళ చేతులు పట్టుకుని ప్రార్థన చేసేది. తన చీరలు రెండు ఎవరికో ఇచ్చేసింది. ఇంకెక్కడైనా అయితే ఈ మనిషికి ఒంట్లో బాగోలేదనుకునేవారు. మా దగ్గర మెచ్చుకున్నారు. రూతమ్మకి గొప్ప ఉజ్జీవం, అంటే భక్తిలో కొత్త ఊపు, వచ్చిందన్నారు. పాస్టరుగారు, మేము అయ్యగారు అనేవాళ్ళం, ప్రసంగంలో ఆమె పేరు చెప్పారు. నేను కూడా ఆ ఆదివారం బెంచీలో వీపు నిటారుగా పెట్టుకుని కూర్చున్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది.

ఒక పొద్దున లేచేసరికి మా బియ్యం డబ్బా ఖాళీగా ఉంది. దేవుడి కుండ నిండి, పట్టక, చుట్టూ నేల మీద కుప్పగా బియ్యం. నాన్న వంగి తీయబోతే అమ్మ కొలిచే మానిక తీసుకుని ఆయన నుదుటి మీద కొట్టింది. రక్తం కారుతుంటే ఆమె ఆగలేదు, చెప్పుల్లేకుండా రోడ్డెక్కి వెళ్ళిపోయింది. మధ్యాహ్నం దాటాక నాతవరం దాటి తాండవ డ్యామ్ దారిలో కనిపించిందని ఒక జీపు డ్రైవరు తెచ్చి దింపాడు. పాదాలు పగిలిపోయాయి, గొంతు పూర్తిగా పోయింది, ఆ పోయిన గొంతుతోనే ఇంకా పాడుతోంది. మర్నాడు మా ఊరి ఆసుపత్రి డాక్టరుగారు విశాఖపట్నానికి ఉత్తరం రాసిచ్చారు. అక్కడ ఆడవాళ్ళ వార్డులోకి మగవాళ్ళని ఉండనివ్వరన్నారు. నాన్న గేటు దగ్గర నిలబడి, నుదుటికి కట్టుతో, "నువ్వుంటావేటమ్మా?" అన్నాడు. నాకు టీచరు ట్రైనింగు పరీక్షలు దగ్గరికొచ్చాయి. ఉంటాను అన్నాను. నాన్న నన్ను ఏదైనా అడగడం అదే మొదలు.

వార్డులో పొద్దున్నే ఫినాయిల్ వాసన, దాని మీదికి ఉప్మా వాసన. మందుల వేళకి సిస్టరుగారు బండి తోసుకొచ్చి ఒక్కొక్కరి పేరు పిలిచేది. మొదటి నాలుగు రోజులూ అమ్మ నన్ను పేరు పెట్టి పిలవలేదు. "ఒసే జైలరమ్మా, మంచినీళ్ళియ్యి. జైలరమ్మా, తలుపు తియ్యి" అనేది. పక్క మంచాల వాళ్ళు నవ్వేవారు, నేనూ నవ్వడానికి ప్రయత్నించేదాన్ని. తర్వాత మందులు పనిచేసి ఆమె రోజంతా పడుకుండిపోయింది. నాకు అది ఇంకా భయం. అరుస్తుంటే అమ్మ ఉందని తెలిసేది. ఇప్పుడు ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకోవాల్సి వచ్చేది. ఎస్. రాయవరం నుంచి కోడలికి తోడొచ్చిన పైడమ్మగారని ఒకావిడ నన్ను రెండు రోజులు గమనించి, మూడో రోజు తన అన్నం గిన్నె నా ముందు పెట్టింది. "ఏటే పిల్లా, మీ యమ్మ కదిల్తే లెగుస్తావు, కదలకపోతే లెగుస్తావు. నువ్వు పడిపోతే నిన్నెవుల్సూత్తారు? ముందల తిను" అంది. తిన్నాను. ఆ పూట ఏం కూరో గుర్తు లేదు, తింటూ ఏడ్చానని మాత్రం గుర్తుంది.

మూడు వారాలయ్యాక అమ్మ ఒక పొద్దున తనే జడ వేసుకుని, "సుగుణా, నీ పరీక్షలేటయ్యాయే?" అని అడిగింది. అప్పటికి పరీక్షలు అయిపోయాయి. వచ్చే యేడు రాస్తానని చెప్పాను. ఇంటికి పంపించేటప్పుడు డాక్టరమ్మగారు మమ్మల్ని కూర్చోబెట్టి, ఈ మాత్రలు బాగున్నప్పుడు కూడా వేసుకోవాలి, బాగున్నాం కదా అని ఆపితే మళ్ళీ వస్తుంది, జాగ్రత్త అని చెప్పింది. నాన్న బయట టీ కోసం వెళ్ళాడు. అమ్మ మా ఇద్దరి మధ్య స్టూలు మీద కూర్చుని ఉంది. డాక్టరమ్మగారు అమ్మ తల మీదుగా నాతో చెప్పింది, నేను అమ్మ తల మీదుగా సరేనన్నాను. అందులో తప్పు అప్పుడు కనబడలేదు.

ఆసుపత్రి నుంచి క్షేమంగా వచ్చినవాళ్ళు మా సంఘంలో లేచి నిలబడి, దేవుడు తమకి చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పాలి. అమ్మ మాట ఇంకా కొంచెం ముద్దగా వచ్చేది, చేతులు వణికేవి, అందుకని చదవడానికి వీలుగా నన్ను రాసివ్వమంది. నాకు దస్తూరి బాగుంటుంది, సంఘంలో ఎన్ని సాక్ష్యాలు విన్నానో లెక్క లేదు, అవన్నీ ఎలా మొదలై ఎలా ముగుస్తాయో నాకు కంఠతా వచ్చు. చివర్లో దేవుడు సంపూర్ణ స్వస్థతనిచ్చాడని రావాలి. రాశాను. ఏ ఆసుపత్రో రాయలేదు, ఏ జబ్బో రాయలేదు, మాత్రల మాట అసలే రాయలేదు. రాయకపోవడం ఒద్దిక అనుకున్నాను. నిజానికి అది సిగ్గు. అమ్మ ఆ కాగితం రెండు చేతుల్తో పట్టుకుని తడబడకుండా చదివింది, గుడి అంతా ఒక్క గొంతుతో ఆమెన్ అంది, ఆడవాళ్ళు వచ్చి ఆమెని కౌగిలించుకున్నారు.

ఆ సాయంత్రం నేను మాత్రా, మంచినీళ్ళూ పట్టుకెళ్ళి ఇస్తే అమ్మ తీసుకోలేదు. "సంఘం ముందు సంపూర్ణ స్వస్థతని సదివీసినాక ఇంకా మాత్ర మింగితే, దేవుడి పేరు మీద అబద్ధం ఆడినట్టు కాదేటే?" అంది. కోపంగా అనలేదు, చాలా నెమ్మదిగా, నాకు తెలియని విషయం విడమర్చి చెబుతున్నట్టు అంది. నేను రాసిన మాట నాకే అడ్డం నిలబడింది. బతిమాలాను, డాక్టరమ్మగారు చెప్పింది గుర్తు చేశాను. "ఆవిడ నీకు కదా సెప్పింది" అంది అమ్మ.

మర్నాటి నుంచి మాత్రని చిన్న రోట్లో నూరి ఆమె పొద్దున తాగే చోడి అంబలిలో, అంటే రాగి జావలో, కలిపాను. మజ్జిగ కాస్త ఎక్కువ పోసి, ఉల్లిపాయ ముక్కలు ఎక్కువ వేసి, చేదు తెలియకుండా చేశాను. ఆరు వారాలు. ఆ ఆరు వారాలూ అమ్మ బట్టీ పనికి వెళ్ళింది, వేళకి నిద్రపోయింది, నాన్నని బొటనవేలితో పొడిచింది, స్త్రీల సమాజంలో తన కుర్చీలో తను కూర్చుంది. సంఘంలో అందరూ దేవుడి మహిమ చూడండని ఆమెని చూపించేవారు. నేను ఆమె గ్లాసు అడుగు చూసేదాన్ని. పొద్దున ఆమె గ్లాసు ఎత్తిన దగ్గర్నుంచి దించేదాకా నేను గుమ్మం కదిలేదాన్ని కాదు. ఆమె కొంచెం గట్టిగా పాడితే మందు సరిపోవడం లేదేమోనని భయం, పాడకపోతే ఎక్కువైందేమోనని భయం. సొంత కన్నతల్లి నవ్విందని సంతోషించలేని బతుకు అయిపోయింది.

ఒకరోజు తొందరలో సరిగ్గా నూరలేదు. అమ్మ అంబలి తాగేసి గ్లాసు వంచి చూసింది. అడుగున తెల్లటి పలుకు. వేలితో తీసి నాలిక కొసకి రాసుకుంది. నా వంక చూసింది. ఏదైనా అంటుందని గోడకి అంటుకుపోయి నిలబడ్డాను. అమ్మ గ్లాసు కడిగి బోర్లించి పనికి వెళ్ళిపోయింది. ఆ పూట నుంచి నా చేతి తిండి ముట్టలేదు. తన అన్నం తనే వేరే గిన్నెలో వండుకునేది, నీళ్ళు కూడా తనే తోడుకునేది, ఉప్పు డబ్బా తన మంచం కింద పెట్టుకునేది. నాతో మాట్లాడేది, జడ వేసేది, తిట్టేది. తినేది మాత్రం కాదు. నెల తిరక్కుండానే పాత పాటలు మళ్ళీ తెల్లవారుజామున మొదలయ్యాయి.

ఈసారి నాన్న ముందే పసిగట్టాడు, రోడ్డెక్కేదాకా రానివ్వలేదు. ఆసుపత్రి రిజిస్టరు దగ్గర సిస్టరుగారు తోడు ఎవరుంటారని అడిగింది. నేను సంచీ భుజానికి తగిలించుకుని ముందుకొచ్చాను. అమ్మ నా వైపు తిరగకుండానే, "ఆ పిల్ల వొద్దు. ఇంకెవులైనా పర్లేదు" అంది. సిస్టరుగారి పెన్ను ఆగిపోయింది. కృష్ణదేవిపేట నుంచి మా పిన్ని వచ్చేదాకా సాయంత్రం వరకు నేను గేటు బయట అరుగు మీద కూర్చున్నాను. నా సంచీ పిన్నికిచ్చి నాన్నతో బస్సెక్కాను. బస్సులో చాలాసేపటికి నాన్నకి అంబలి సంగతి చెప్పాను. "నాకు తెలుసే. రోలు కడిగినప్పుడల్లా సూస్తన్నాను. నాకూ అదే మంచిదనిపించింది" అన్నాడు. ఇద్దరం కలిసి చేసినట్టయింది. భారం తగ్గుతుందేమో అనుకున్నాను, తగ్గలేదు.

పది రోజులు నాన్నకి వండిపెట్టి, ఖాళీ మంచం వంక చూస్తూ గడిపాను. పదకొండో రోజు అమ్మ నన్ను రమ్మందని పిన్ని కబురు పెట్టింది. వెళ్ళేసరికి అమ్మ వార్డు వరండాలో బెంచీ మీద కూర్చుని ఉంది. మొహం వాచింది, కళ్ళు మాత్రం తేటగా ఉన్నాయి. నేను దారి పొడుగునా కూడగట్టుకున్న మాటలన్నీ ఒకేసారి చెప్పేశాను. సాక్ష్యంలో మాత్రల మాట రాయనిది నేనేనని, సిగ్గుపడి రాయలేదని, ఇప్పుడు సంఘంలో లేచి నిజం చెప్పేస్తానని.

"మళ్ళీ నువ్వే సెప్పీస్తావేటి?" అంది అమ్మ. నాకు అర్థం కాలేదు. "మాత్ర కలిపినావని కోపం కాదే సుగుణా. అది తాగినన్నాళ్ళూ బాగున్నాను, అది నాకూ తెలుసు. డాక్టరమ్మగారు నీకు సెప్పింది. మీ నాన్నని అడగకపోయినా ఆయనకి తెలిసిపోయింది, ఆయన మొకం సూసే అనుకున్నాను. నన్నొక్కదాన్నే అడగలేదు. నా నోట్లోకి ఎల్లేది, నాకొక్కదానికే తెలీదు."

"అడిగితే వద్దనేదానివి కదమ్మా."

"అందును. రెండోసారీ వద్దందును. మూడోసారి అడిగుంటే ఏటందునో నీకెలా తెలుసు?" అని, పైట సర్దుకుని, "మాత్ర నా చేత్తో నాను ఏసుకుంటాను. సంఘంలో సెప్పేది కూడా నానే సెప్తాను. నువ్వు కూకో" అంది.

ఇప్పుడు రోజులు మారాయంటారు. మారాయి కూడా. సునీతని ఆసుపత్రిలో ఒకమ్మాయి కూర్చోబెట్టి జబ్బు గురించి వాళ్ళమ్మకీ తనకీ కలిపి గంటసేపు చెప్పిందట. మా రోజుల్లో ఒక వాక్యంతో పంపించేశారు. ఇప్పుడు మా అయ్యగారే మందులు మానొద్దని ప్రసంగంలో చెబుతున్నారు. ఫోనుంది, వార్డు నుంచి రోజూ మాట్లాడుకోవచ్చు, నేనైతే పిన్ని కబురు కోసం పది రోజులు వీధి వంక చూశాను. నా పక్కన బల్ల మీద బీపీకి, సుగరుకి మాత్రల డబ్బా ఉంటుంది, వారం రోజుల పేర్లూ దాని మీదే రాసుంటాయి, వచ్చినవాళ్ళు చూస్తే నాకేం సిగ్గనిపించదు. అయినా ఆ పిల్ల పెరటి దారిన వచ్చింది. చెప్పులు చప్పుడు కాకుండా విడిచింది. ఆ ఒక్క సంగతి తూచి చూస్తే, మేం ఎంత దూరం వచ్చామో నేను గట్టిగా చెప్పలేను. అమ్మ ఆ తర్వాత ఇరవై ఆరేళ్ళు బతికింది. మాత్రలు తనే వేసుకుంది. మధ్యలో మరో రెండుసార్లు వార్డుకి వెళ్ళింది, రెండుసార్లూ తోడు ఎవరుండాలో తనే చెప్పింది, రెండుసార్లూ నన్నే చెప్పింది. నా భయం మాత్రం ఆమెతో పోలేదు.

అప్పట్లో, పిన్ని తోడెళ్ళిన ఆ రెండోసారి వార్డు నుంచి ఇంటికొచ్చాక వచ్చిన ఆదివారం సాక్ష్యాల వేళ అమ్మ లేచి నిలబడింది. చేతిలో కాగితం లేదు. "పోయినసారి నాను పూర్తిగా బాగైపోనానని సదివినాను. అది పొరపాటు. నాకు మనసు జబ్బుంది. విశాఖపట్నంలో ఆసుపత్రిలో పెట్టినారు, రెండుసార్లు. మాత్రలు ఏసుకుంటన్నాను, ఇంకా ఏసుకుంటాను. దేవుడికి స్తోత్రం" అని కూర్చుంది. అంతే. ఒక్కరూ ఆమెన్ అనలేదు. ముందు బెంచీలో ఎవరో దగ్గారు. అయ్యగారు పాటల పుస్తకం తిరగేస్తూ ఉండిపోయారు. నేను అందామనుకుంటూనే, ఇంకెవరైనా ముందు అంటారేమోనని చుట్టూ చూశాను. అప్పుడు నాన్న, ఎప్పుడూ గుడిలో కునికే మనిషి, వెనక మగవాళ్ళ బెంచీలోంచి "ఆమెన్" అన్నాడు, అవసరానికి మించి గట్టిగా.

ముగ్గురం ఇంటికి బయల్దేరాం. మమ్మల్ని దాటి వెళ్ళేవాళ్ళు కొందరు పలకరించారు, కొందరు తల తిప్పుకున్నారు. నేను ఎవరు ఏ రకమో లెక్కపెట్టుకుంటూ నడిచాను, అమ్మ పట్టించుకోలేదు. ఇంటికి చేరి కాళ్ళు కడుక్కుని పీట వాల్చుకుని కూర్చుంది. తన వేరే గిన్నె పొయ్యి దగ్గర బోర్లించే ఉంది, దాని జోలికి పోలేదు. "ఆకలేస్తంది. అన్నం పెట్టు" అంది నాతో.

రెండు నెలల పైమాట, ఆమె నన్ను అన్నం అడిగి. కంచం పెట్టి నేను వండిన అన్నమే వడ్డించాను, వంకాయ కూర వేశాను, చారు పోశాను. మందుల వల్ల ఆమె చెయ్యి వణికి మెతుకులు కంచంలో రాలుతున్నాయి, అయినా తింటోంది. చారు అయిపోవడం చూసి ఆత్రంగా గరిటె ముంచి ఆమె కంచం మీదికి వంగాను. అమ్మ ఎడం చెయ్యి అడ్డం పెట్టింది.

"అడుగు" అంది.

గరిటె పట్టుకుని అలాగే ఆగాను. "ఇంకొంచెం చారు పొయ్యనా అమ్మా?" అని అడిగాను.

అమ్మ కాసేపు ఆలోచించింది. "పొయ్యి" అంది.